ఫైర్ పాలసీ ఉన్నా మిల్లింగ్ మెషీన్ క్లెయిమ్ ఎందుకు రాలేదు?

వోల్టేజీ ఎగిసి బోర్డు మాడితే, ఆ మెషీన్ నష్టం మామూలుగా ఫైర్ పాలసీలోకి రాదు. మీ డెంటల్ ల్యాబ్‌లో పళ్ల క్యాప్‌లు చెక్కే మిల్లింగ్ మెషీన్ క్లెయిమ్‌ను బీమా కంపెనీ తిరస్కరించింది అందుకే అయ్యుంటుంది.

1. మిల్లింగ్ మెషీన్‌కు, స్కానర్‌కు విడిగా ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ తీసుకోండి.

2. అందరూ వదిలేసేది సమ్ ఇన్సూర్డ్, అంటే పాలసీలో రాయించే బీమా మొత్తం. ఆడిటర్ లెక్కలో తరుగు పోగా మిగిలిన విలువ వేయకండి. అదే మెషీన్ ఇవాళ కొత్తది ఎంతో కొటేషన్ తెప్పించి ఆ మొత్తమే రాయించండి. 20 లక్షల మెషీన్‌కు 10 లక్షలే రాయిస్తే, 4 లక్షల రిపేరుకు వచ్చేది 2 లక్షలే. అందులోనూ ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన భాగం) కోస్తారు. ప్రీమియం తగ్గించామని మురిసే ఏజెంట్లు ఈ మాట చెప్పరు!

3. మంటలకు, వరదకు చిన్న వ్యాపారాల ఫైర్ పాలసీ అయిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష చాలు (ఒకే చోట ఆస్తి 5 కోట్ల లోపుంటే). క్యాప్‌లు చెక్కడానికి వాడే జిర్కోనియా బ్లాకులను స్టాక్ కింద చూపించండి.

4. దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరు.