సౌర విద్యుత్తుకు ఓటరు మద్దతు ఎలా కూడగడతారు?

వాతావరణ మార్పు ఊసెత్తకుండానే నాయకులు స్వచ్ఛ ఇంధనానికి ప్రజల మద్దతు ఎలా కూడగడతారన్న ప్రశ్నకు, 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకం మంచి ఉదాహరణ. కోటి ఇళ్ల పైకప్పులపై సౌర ఫలకాలు అమర్చడం దాని లక్ష్యం కాగా, పూర్తి పేరులోనే ‘ముఫ్త్ బిజ్‌లీ’ (హిందీలో ఉచిత విద్యుత్తు) అని చేర్చి, కర్బన ఉద్గారాల కన్నా ముందు నెలకు 300 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తును, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీని ప్రజల ముందుంచారు. 2004 నుంచి రైతులకు ఉచిత విద్యుత్తు ఎన్నికల అంశంగా ఉన్న తెలుగు నేలపై ఇది ఇట్టే అర్థమవుతుంది. అయితే ప్రచారంలో ఎంతమాత్రం దాచకూడని విషయం ఒకటుంది: రాయితీ పోను మిగిలిన ఖర్చు ఇంటి యజమానే పెట్టుకోవాలి, సొంత పైకప్పు లేని అద్దె కుటుంబాలకు ఈ ఉచితం అందడం కష్టం.