ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్‌కు వారంటీ చెల్లదా?

సందేహం: నిరుడు సికింద్రాబాద్‌లోని ఒక షాపులో రూ.1.72 లక్షలకు డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకున్నాను. ఇంటెల్ ఐ7-14700కె ప్రాసెసర్, డీడీఆర్5 6000 ర్యామ్. ‘ఓవర్‌క్లాక్ చేసి, టెస్ట్ చేసి ఇస్తాం’ అని వాళ్ల కొటేషన్‌లోనే ఉంది. ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతుకుతున్నాను. ఈమధ్య రెండరింగ్ మధ్యలో బ్లూ స్క్రీన్ వస్తోంది. షాపుకు తీసుకెళ్తే ‘ఓవర్‌క్లాక్ అయింది కాబట్టి వారంటీ పోయింది’ అంటున్నారు. నేనుండేది హనుమకొండ. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: వేయవచ్చు, కానీ ముందు సాక్ష్యం పోగు చేసుకోండి. ఓవర్‌క్లాక్ (కంపెనీ హామీ ఇచ్చిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను నడపడం) ఎవరు చేశారు? అది తీసేశాక కూడా మిషన్ ఆగిపోతోందా? వినియోగదారుల కమిషన్ ముందు మీ కేసు ఈ రెండు ప్రశ్నల మీదే నిలబడుతుంది. మొదటిదానికి జవాబు ఆ కొటేషన్‌లోనే ఉంది, దాన్ని భద్రంగా ఉంచండి. రెండోది మీరే ఇంట్లో తేల్చుకోవాలి.

బయాస్‌ను (విండోస్ కన్నా ముందే నడిచే, మదర్‌బోర్డులోని సెట్టింగుల ప్రోగ్రామ్) రీసెట్ చేసే ముందు అందులోని ప్రతి పేజీని ఫోటో తీయండి. చాలా బోర్డుల్లో ఎఫ్12 నొక్కితే స్క్రీన్‌షాట్ పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. షాపు వాళ్లు పెట్టిన వోల్టేజీ, మల్టిప్లయర్, పవర్ లిమిట్ చూపించే రుజువు ఇదొక్కటే. బయాస్ అప్‌డేట్ చేస్తే సేవ్ చేసిన సెట్టింగుల ప్రొఫైళ్లు చెరిగిపోవచ్చు, కాబట్టి ఫోటోలు తీశాకే దాని జోలికి వెళ్లండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే ‘WHEA-Logger’ ఎంట్రీలను, బ్లూ స్క్రీన్ వివరాలు దాచే మినీడంప్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోండి. ‘కెర్నల్-పవర్ 41’ ఎంట్రీని మాత్రం పెద్ద రుజువుగా చూపకండి. మిషన్ సరిగా షట్‌డౌన్ కాలేదని తప్ప అది ఇంకేమీ చెప్పదు.

ఆ తర్వాత బయాస్‌ను తాజా వెర్షన్‌కు మార్చండి. యూపీఎస్ లేకుండా ఈ పని చేయవద్దు, మధ్యలో కరెంటు పోతే బోర్డు కూడా పోవచ్చు. ‘ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్’ ఎంచుకుని, ర్యామ్‌ను 6000 వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్‌ను ఆఫ్ చేయండి. ఈ ప్రాసెసర్‌కు పవర్ లిమిట్ 253 వాట్లు. కొన్ని బోర్డుల్లో అక్కడ 4096 అని కనిపిస్తుంది, అంటే అసలు పరిమితే లేదన్నమాట. ఈ స్థితిలో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను నాలుగు పాస్‌లు నడపండి. తప్పులు వస్తే ఒక్కో ర్యామ్ స్టిక్‌నూ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి చూడండి. తప్పులు ఒక స్టిక్‌తో పాటే వెళ్తే లోపం ర్యామ్‌ది, ఏ స్టిక్ పెట్టినా వస్తే బోర్డుదో ప్రాసెసర్‌దో. ర్యామ్ శుభ్రంగా ఉంటే ప్రాసెసర్ మీద పూర్తి భారం మోపి పరీక్షించే ప్రైమ్95 గానీ ఓసీసీటీ గానీ ఒక గంట నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఉష్ణోగ్రత, WHEA ఎర్రర్ల సంఖ్య గమనించండి. తేదీ, సమయం కనిపించేలా వీడియో తీయండి.

డిఫాల్ట్‌లో బాగుండి, ఎక్స్‌ఎంపీ పెట్టగానే పడిపోతే ఇంటెల్ మీద కేసు బలహీనం. ఈ ప్రాసెసర్‌కు అధికారికంగా హామీ ఇచ్చిన వేగం డీడీఆర్5-5600 వరకే. అంతకు మించితే, మీరు బయాస్‌లో ఎప్పుడూ వేలు పెట్టకపోయినా, ఇంటెల్ లెక్కలో అది ఓవర్‌క్లాకే. కానీ ‘టెస్ట్ చేసి ఇస్తాం’ అన్న షాపు మాత్రం తప్పించుకోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) కింద అది సేవాలోపం. తానే చేసిన ఓవర్‌క్లాక్‌ను తానే సాకుగా చూపడం కుదరదు.

డిఫాల్ట్‌లోనూ పడిపోతే కథ వేరు. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని అరిగిపోతున్నాయని ఇంటెలే 2024లో ఒప్పుకుంది. 0ఎక్స్129, తర్వాత 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లు (బయాస్ అప్‌డేట్‌తో వచ్చే, ప్రాసెసర్ పనితీరును సరిదిద్దే కోడ్) విడుదల చేసింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మైక్రోకోడ్ బాగు చేయలేదు. బాక్స్‌లో అమ్మిన వాటికి వారంటీని మరో రెండేళ్లు పెంచి మొత్తం ఐదేళ్లు చేసింది, మీ మోడల్ ఆ జాబితాలో ఉంది. బాక్స్ లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ అయితే అమ్మినవారినే అడగాలి. అందుకే బాక్స్‌నూ, దాని లేబుల్ మీది నంబర్లనూ దాచుకోండి. ఇంటెల్‌కు వారంటీ దరఖాస్తు చేసేటప్పుడు ఎక్స్‌ఎంపీ వాడారా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. అబద్ధం రాస్తే తర్వాత షాపు మీద వేసే కేసులో అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

షాపు నుంచి ‘వారంటీ లేదు’ అన్న మాటను జాబ్‌షీట్ మీదో ఈమెయిల్‌లోనో రాయించుకోండి. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు గానీ సగం తగాదాలు అక్కడే తెగుతాయి. నోటీసులో ‘ఉత్పత్తి బాధ్యత’ సెక్షన్లు 82 నుంచి 87 దించడం ఈమధ్య అలవాటైంది. మీకు అవి పనికిరావు. వస్తువుకే జరిగిన నష్టం సెక్షన్ 2(22)లోని ‘హాని’ కిందికి రాదు. పైగా, వస్తువులో మార్పులు చేశారన్న వాదనకు సెక్షన్ 87 అమ్మకందారుకు అవకాశమిస్తుంది. మీ ఆధారం సెక్షన్ 2(10)లోని లోపం, 2(11)లోని సేవాలోపం, అంతే.

‘ఎడిటింగ్ వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అని అవతలివాళ్లు తప్పక అంటారు. సెక్షన్ 2(7) వివరణ ప్రకారం, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే వాడుకుంటే అది వాణిజ్య అవసరం కాదు. పనివాళ్లను పెట్టకుండా మీరే ఎడిట్ చేస్తున్నట్లయితే ఆ వాక్యాన్ని ఫిర్యాదులో రాయడం మరవకండి.

సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, సికింద్రాబాద్ తిరగనక్కర్లేదు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు. షాపును, డిఫాల్ట్ పరీక్షలో విఫలమైన భాగం తయారీదారును ప్రతివాదులుగా చేర్చండి. గడువు సెక్షన్ 69 కింద రెండేళ్లు. దాన్ని మొదటి బ్లూ స్క్రీన్ రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. లోపం పరీక్షిస్తేగాని తేలదనుకుంటే, సెక్షన్ 38(2) కింద కమిషన్ ఆ భాగాన్ని ల్యాబ్‌కు పంపుతుంది, ఫీజు ముందుగా మీరే డిపాజిట్ చేయాలి. అప్పటిదాకా ప్రాసెసర్‌ను సాకెట్‌లోంచి తీయకండి. వంగిన ఒక్క సాకెట్ పిన్ను చాలు, నేరం మొత్తం మీ మీదికి నెట్టడానికి.