ఫేస్ అన్‌లాకా, ఫింగర్‌ప్రింటా? ముందు చేతులు చూడండి

20 వేల లోపు ఫోన్ కొంటున్నాను, స్క్రీన్ కింద ఫింగర్‌ప్రింట్ ఉన్నది తీసుకోనా, పక్క బటన్‌లో ఉన్నది తీసుకోనా, లేక ఫేస్ అన్‌లాక్‌తో సరిపెట్టుకోవచ్చా అని మీ ప్రశ్న. చివర్లో "అమ్మ కోసం" అని ఒక మాట వేశారు. ఆ మాట లేకపోతే నేను ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. మీ కోసమైతే ఏది కొన్నా నడుస్తుంది, రంగు చూసి కొనుక్కోండి. అమ్మ కోసమైతే ఆమె చేతులతో ఏం పని చేస్తుందో చెప్పాలి కదా. అది వదిలేసి ప్రాసెసర్ పేరు, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ ఉండాలో అన్నీ రాశారు.

మా అమ్మది బీడీల పని. జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి వైపు మా ఊరు. ఆ చుట్టుపక్కల ఏ వాకిట్లో చూసినా ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో నానిన తునికాకు, కత్తెర, దారం ఉండేవి. ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుట్టి, కొస మడిచి, దారం కట్టాలి. కార్ఖానా లెక్క వెయ్యి బీడీలకు ఇంత అని. అమ్మ రోజుకు ఏడెనిమిది వందలు చేసేది, ముప్పై ఏళ్ల పైనే చేసింది. ఆ రెండు వేళ్ల మీంచి ఎన్ని లక్షల ఆకులు రాసుకుపోయాయో మీరే లెక్కేసుకోండి. ఇప్పుడామె బొటనవేలు వెలుతురులో పెట్టి చూస్తే నున్నగా, గాజుగోళీ లాగా మెరుస్తుంది. గీతలు లేవు. నేను వెతికాను, లేవు.

ఇది తెలిసి తెలిసి నేనేం చేశానంటే, 2020 దసరాకి ఆమెకు స్క్రీన్ కింద ఫింగర్‌ప్రింట్ ఉన్న ఫోన్ కొన్నాను. 18 వేలు. షాపులో కుర్రాడు గాజు మీద వేలు పెట్టగానే కింద ఆకుపచ్చ వెలుగు పూలాగా విచ్చుకుంది. ఆ పువ్వుకి పడిపోయాను. ఇంటికెళ్లి అమ్మ వేలు ఎక్కిస్తే పావుగంట పట్టింది, మొత్తానికి ఎక్కింది. ఫేస్ కూడా పెట్టాను. పిన్ కూడా పెట్టాను. అన్నీ అయ్యాక దండ వేసి దణ్ణం పెట్టించినంత గర్వంగా హైదరాబాద్ బస్సెక్కాను.

ఇక 2021 ఫిబ్రవరి. కరోనా వల్ల ఆ నెల నుంచి తెలంగాణ రేషన్ షాపుల్లో వేలిముద్ర ఆపేసి, ఫోన్‌కి వచ్చే ఓటీపీ గానీ కనుపాప గానీ తీసుకోవడం మొదలుపెట్టారు. మా ఇంట్లో ఈ వార్తకి అందరికంటే సంతోషించింది అమ్మే. అంతకుముందు ప్రతి నెలా ఆమెకి అక్కడ ఒక పరీక్ష. మిషన్ మీద వేలు పెట్టడం, అది కాదనడం, డీలర్ "తుడ్సుకొని పెట్టు పెద్దమ్మా" అనడం, కొంగుకి తుడుచుకొని మళ్లీ పెట్టడం, ఇంకో వేలు, ఇంకో వేలు. మా వైపు దీన్ని "ఏలు పడ్తలేదు" అంటారు. పదిమంది ముందు వేలు పడకపోతే ఏదో దొంగతనం చేసి దొరికినట్టు ఉండేదట. "ఇగ ఏలు బాధ పోయింది బిడ్డా, ఫోన్లకు నంబర్ వస్తదట, చెప్తే బియ్యం పోస్తరట" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

నంబర్ వచ్చింది. ఫోన్లోకే వచ్చింది. ఫోన్‌కి తాళం ఉంది. తాళానికి వేలు కావాలి.

మెసేజ్ స్క్రీన్ మీదే కనబడుతుంది కదా అంటారేమో. కనబడకుండా చేసిన మహానుభావుణ్ణి నేనే. ఓటీపీ మోసాల గురించి ఎక్కడో చదివి, లాక్ తీస్తే తప్ప మెసేజ్ లోపల ఏముందో చూపించొద్దని సెట్టింగ్స్‌లో పెట్టి వచ్చాను. జాగ్రత్త మనిషిని కదా!

అమ్మ బొటనవేలు పెట్టింది. పువ్వు విచ్చుకుంది, ఫోన్ జుర్రుమని వణికింది, తెరుచుకోలేదు. మళ్లీ పెట్టింది. చలికాలం పోయీ పోని రోజులు, చర్మం ఇంకా ఎండిపోయి ఉంది. నాలుగైదుసార్లయ్యాక కాసేపు ఆగమంది ఫోన్. వెనక లైన్లో సణుగుడు మొదలైంది. ముఖం చూపిద్దామంటే ముఖానికి మాస్కు. మాస్కు గదవ కిందికి గుంజితే పక్కనున్నాయన "మూతి కప్పుకో" అని కసిరాడట. గోడవైపు తిరిగి మాస్కు దించి చూపించింది. షాపులో చీకటి, తలమీద ఎండకి కప్పుకున్న కొంగు. ఆ ఫోన్‌కి ఆమె ముఖం మా ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తెలుసు గానీ అక్కడ తెలియదు. కనుపాప మిషన్‌తో చేద్దామంటే అది ఆ రోజు సతాయిస్తోందట. చివరికి ఫోన్ అంకెల పలక చూపించి పిన్ కొట్టమంది.

పిన్ నా పుట్టిన సంవత్సరం. మర్చిపోదు కదా అని పెట్టాను. నేను పుట్టిన ఏడు మా అమ్మకి అంకెల్లో ఎప్పుడూ లేదు. "నువ్వు పుట్టిన ఏడు మస్తు వానలు, చెరువు మత్తడి దుంకింది" అంటుంది. ఆ పలక మీద వానలు లేవు, చెరువు లేదు.

నా నంబరైతే ఆమెకి నోటికొచ్చు. లైన్లో ఉన్న పక్కింటి అక్క తన ఫోన్‌లోంచి చేసింది. నేను ఆఫీసులో జీఎస్‌టీ లెక్కల మధ్య ఉన్నాను. "తమ్మీ, అత్త ఫోన్ లోపలి నంబర్ చెప్పు జెర." మెల్లిగా చెప్పాను, వినబడలేదంది. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. సిగ్నల్ లేదు. ఆఖరికి ఆఫీసంతా తలెత్తి చూసేలా నాలుగంకెలూ ఒక్కొక్కటి అరిచి చెప్పాను. అవతల ఆమె స్పీకర్ పెట్టిందని నాకెలా తెలుస్తుంది? ఫోన్ తెరుచుకునేసరికి ఓటీపీకి టైమ్ అయిపోయింది. మళ్లీ పంపించుకొని, చెప్పి, బియ్యం తెచ్చుకుంది.

రాత్రి అమ్మ అన్న మాట ఇది: "లైన్ల ఉన్నోళ్లందరికీ ఎర్కయింది లోపలి నంబర్. ఇగ దానికి తాళమెందుకురా?"

అప్పటి నుంచి నాకు ఫోన్ కంపెనీల మీద ఒక కోపం. నేను అకౌంట్స్ మనిషిని, ఇంజినీర్‌ని కాను. కానీ ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా వినను: వేలిముద్ర సెన్సార్ ఫోన్ వెనక ఉన్నప్పుడే బాగుండేది. 2017లో రెడ్‌మీ నోట్ 4 లాంటి 10 వేల ఫోన్‌కి కూడా వీపు మీద గుండ్రంగా, వేలు చక్కగా ఆనేంత గుంట ఉండేది. చూడక్కర్లేదు, చెయ్యి ఫోన్‌ని పట్టుకోగానే వేలు దానంతటదే అక్కడ పడేది. పైగా అది వేలిని నేరుగా తాకే సెన్సార్. చర్మం గీతలకీ మధ్య పల్లాలకీ ఉండే విద్యుత్ తేడాని చదువుతుంది. మరెందుకు తీసేశారు? వెనక అద్దం నున్నగా ఉండాలన్నారు. అదే ఏడు వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్8లో దాన్ని కెమెరా పక్కకి తోశారు, జనం సెన్సార్ అనుకొని కెమెరా అద్దం మీద వేలు పెట్టడం మొదలుపెట్టారు. తప్పు చోట పెట్టి, పనికిరాదని తీసేసినట్టుంది కథ.

2018 నుంచి స్క్రీన్ కిందివి వచ్చాయి. మధ్యరకం ఫోన్లలో ఉండేది దాదాపు కెమెరా లాంటిదే. స్క్రీన్ వెలుగు వేలి మీద పడి, తిరిగొచ్చిన వెలుగుని కింద ఉన్న సెన్సార్ ఫోటో తీస్తుంది. వెలుగు లోపలికి దూరాలి కాబట్టి ఓఎల్ఈడీ, అంటే ప్రతి చుక్కా తనే వెలిగే పలచని స్క్రీన్ ఉన్నవాటికే ఇది. వెనక లైటు పలక ఉండే ఎల్‌సీడీ ఫోన్లకి పక్క బటన్‌లో పెడతారు. గీతలు సరిగ్గా ఆనకపోతే, చర్మం ఎండిపోతే, ఫోటోలో ఏమీ పడదు. దాని మీద మనవాళ్లు వంద రూపాయల టెంపర్డ్ గ్లాస్ ఇంకోటి వేయిస్తారు. ఆ గ్లాస్ వేసేవాడు "సెన్సార్ పనిచేస్తది అన్నా" అని ఒట్టేసి చెప్తాడు, వాడి వేలుతో పనిచేస్తుంది కూడా. ఖరీదైన ఫోన్లలో శబ్దతరంగాలతో చదివే రకం ఉంటుంది. అదీ ఏం తక్కువ తినలేదు. 2019లో గెలాక్సీ ఎస్10కి కొన్ని సిలికాన్ కవర్లు ముందువైపు తొడిగితే ఎవరి వేలికైనా తెరుచుకుంది, కంపెనీయే ఒప్పుకొని అప్‌డేట్ ఇచ్చింది. రేషన్ షాపులో మా అమ్మకి ఒక్కసారీ తెరుచుకోని జాతి, అక్కడ ఊరందరికీ తెరుచుకుందన్నమాట.

పక్క బటన్ నయమే అంటారు. నయమే, మీ వేలికి. కానీ అది ఎంత సన్నగా ఉంటుందో చూడండి, వేలిలో గోరంత పట్టీ మాత్రమే దానికి ఆనుతుంది. గీతలు అక్కడక్కడా మిగిలిన వేలికి ఆ పట్టీలో ఏం దొరుకుతుంది?

ఇక ఫేస్ అన్‌లాక్. ఇక్కడ ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. ఐఫోన్‌లో 2017 నుంచి ఉన్నది ఒకటి. కంటికి కనబడని 30 వేలకి పైగా చుక్కలు ముఖం మీద వేసి లోతు కొలుస్తుంది. పరాయి ముఖానికి తెరుచుకునే అవకాశం 10 లక్షల్లో ఒకటని, అదే తమ పాత వేలిముద్రకి 50 వేలల్లో ఒకటని ఆపిల్ చెప్పుకుంది. దాని సామానంతా పట్టడానికే స్క్రీన్ నెత్తిన ఆ నల్ల గంటు పెట్టారు. ఆ మొదటి ఫోన్ మన దగ్గర 89 వేలు. అదీ కరోనాలో మాస్కు ముందు చేతులెత్తేసింది. మాస్కుతో తెరుచుకునే ఏర్పాటు 2022లో వచ్చింది, అది కూడా ఐఫోన్ 12 నుంచి పైవాటికే.

రెండోది మన 20 వేల సరుకు. ముందు సెల్ఫీ కెమెరా ఉంది కదా, అది ముఖం చూసి "ఆ, ఈయనే" అంటుంది, అంతే. లోతు లేదు, చీకట్లో చూపు లేదు. 2019లో నెదర్లాండ్స్ వినియోగదారుల సంఘం 110 ఫోన్లు తెచ్చి యజమాని ఫోటో చూపిస్తే 42 తెరుచుకున్నాయి. ఆండ్రాయిడ్ వాళ్లకీ ఈ సంగతి తెలుసు. అందుకే వేలు, ముఖం తాళాలన్నిటినీ మూడు తరగతులు చేసి, ఇలాంటి చవక ఫేస్ అన్‌లాక్‌ని మామూలుగా అడుగు తరగతిలో కూర్చోబెడతారు. ఫోన్ తెరుస్తుంది గానీ బ్యాంకు యాప్ దగ్గర చెల్లదు. షాపులో మాత్రం "ఫేస్ అన్‌లాక్ కూడా ఉంది సార్" అంటారు. ఏ ఫేస్ అన్‌లాకో అడిగితే మన ముఖం చూస్తారు.

ఇదే సందర్భంలో ఒక మాట. వెనక సెన్సార్ పోయింది, ఇయర్‌ఫోన్ రంధ్రం పోయింది, వచ్చిందేమో వీపు మీద కెమెరా కురుపు. బల్లమీద పెడితే ఫోన్ కుంటి పీటలాగా ఊగుతుంది. అమ్మ దాన్ని తిరగేసి, స్క్రీన్ నేలకి ఆనించి పెడుతుంది. గీతలు పడవా అంటే, "మరి గట్లనే కదా తిన్నగ ఉంటది" అంటుంది.

సరే, మీ ప్రశ్న. రేషన్ షాపులో ఆ గొడవ జరిగిన వారమే ఊరెళ్లి అమ్మ పది వేళ్లూ పరీక్ష పెట్టాను. బొటనవేలికి కొబ్బరినూనె రాస్తే తెరుచుకుంది, నూనె ఆరగానే మళ్లీ మొండికేసింది. ఒకే వేలిని అయిదు వేళ్లుగా అయిదుసార్లు ఎక్కించాను, కాస్త మెరుగు. బీడీ చుట్టడంలో ఎక్కువ పని పడని ఎడమచేతి ఉంగరపు వేలు బ్రహ్మాండంగా పడింది. కానీ కుడిచేత్తో ఫోన్ పట్టుకొని ఎడమ ఉంగరపు వేలు తెచ్చి గాజు మీద పెట్టడం మీరొకసారి చేసి చూడండి, బొట్టు పెడుతున్నట్టుంటుంది. నాన్న పాత ఫోన్ అటక మీంచి దించాను, వెనక గుండ్రటి సెన్సార్ ఉన్నది. అమ్మ మధ్యవేలికి పదిసార్లలో ఏడుసార్లు తెరుచుకుంది. ఇంతకంటే రుజువేం కావాలి? బ్యాటరీ ఉబ్బిపోయింది కాబట్టి గానీ లేకపోతే అదే ఇచ్చేవాణ్ణి.

పైగా ఏ సెన్సార్ కొన్నా పిన్ బాధ పోదు. ఎంత గట్టి వేలిముద్రనైనా ఆండ్రాయిడ్ 72 గంటలకి మించి నమ్మదు, మధ్యలో అసలు తాళం, అంటే పిన్ గానీ ప్యాటర్న్ గానీ, అడుగుతుంది. ఆపి ఆన్ చేసినా అడుగుతుంది. అందుకని సెన్సార్ గురించి మీరు పెట్టుకున్న బెంగలో సగం తీసి ఆ అసలు తాళం మీద పెట్టండి.

మా ఇంట్లో అది ఇలా తేలింది. సెట్టింగ్స్‌లో ప్యాటర్న్ తెరిచి తొమ్మిది చుక్కలు చూపించాను. అమ్మ చూడగానే "మూడు వరుసల ముగ్గు కదరా ఇది" అంది. గీతలు పోయినా వేలు వేలే కదా, స్క్రీన్ తాకడానికి గీతలతో పనిలేదు. చూపుడువేలు పెట్టి ఒక గీత మొదలుపెట్టి తిప్పుకుంటూ పోయి, చివర మొదటి చుక్క దగ్గరికి తెచ్చి ముడి వేయబోయింది. ఫోన్ రానివ్వలేదు, ఒకసారి తాకిన చుక్కని మళ్లీ తీసుకోదది. "మొదలుపెట్టిన కాడికి రాకుంటే అదేం ముగ్గు" అని కాసేపు దాన్ని తిట్టి, తనే ఇంకోటి కనిపెట్టింది. కన్ను మూసి తెరిచేలోపు గీస్తుంది. మూడుసార్లు చూపించమన్నాను, మూడుసార్లూ చూపించింది, నాకు అందలేదు. ఈ మధ్య ఫోన్ బాగు చేయించడానికి మెట్‌పల్లి తీసుకెళ్తే షాపతను లాక్ తీసివ్వమన్నాడు. ఫోన్ పట్టుకొని మళ్లీ ఇంటికొచ్చాను.