4,000 రూపాయల్లో హెడ్‌ఫోన్లా, బడ్సా? ఆరు జతలు కొన్నాక నాకు తెలిసింది

మీరు అడిగింది ఇది: 4,000 రూపాయలు దాటకుండా ఒకే జత కొనాలి, దానితోనే మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో పాటలు వినాలి, ఆఫీసు మీటింగుల్లో మాట్లాడాలి, రాత్రి ఇంట్లో కచేరీలు వినాలి, ఆదివారాలు మీ నాన్నగారు పాత సినిమా పాటలు వినడానికి కూడా పనికిరావాలి. ఇందుకు వైరు లేని బడ్స్ మంచివా, చెవి మొత్తాన్ని కప్పే హెడ్‌ఫోన్లు మంచివా అన్నది మీ సందేహం. రెండూ కాదు, మైకు ఉన్న వైరు ఇన్‌ఇయర్, అంటే చెవిరంధ్రంలోకి దూర్చుకునేది, ఒకటి సుమారు 1,500 నుంచి 2,000 లోపు తీసుకుని, మిగిలిన డబ్బుతో ఇంట్లో వాడుకోవడానికి సాదా హెడ్‌ఫోన్లు కొనుక్కోమని నా సలహా. ఒకే జత అన్న నియమాన్ని మీరు సడలించుకోవలసి వస్తుంది కాబట్టి కారణాలు కొంచెం వివరంగా రాస్తున్నాను.

రికార్డు చేసిన ఇంటర్వ్యూలను, ప్రసంగాలను విని రాతలోకి ఎక్కించడం నా వృత్తి. రోజుకు ఐదారు గంటలు చెవులకు ఏదో ఒకటి తగిలించుకునే ఉంటాను. పదేళ్లలో ఆరు జతలు కొన్నాను, వాటిలో రెండింటి విషయంలోనే పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందనిపించింది. మిగతా నాలుగింటినీ పెట్టె మీద అచ్చు వేసిన గొప్పలు చూసి కొన్నాను.

వైరు లేని బడ్స్‌కు మీరిచ్చే 4,000 ఎక్కడెక్కడికి పోతుందో చూడండి. రెండు బడ్స్‌లో రెండు బ్యాటరీలు, డబ్బాలో ఇంకొకటి, బ్లూటూత్ చిప్పులు, నాలుగో ఆరో మైకులు, చప్పుడు తగ్గించే ఏర్పాటు, ఫోన్లో ఆప్. వీటన్నిటి ఖర్చు పోగా మిగిలిన దానితోనే పాట వినిపించే భాగం తయారు కావాలి. వైరు ఇన్‌ఇయర్‌లో ఆ ఖర్చులేవీ లేవు కనుక, అందులో 1,500 పెడితే వచ్చే స్పష్టత వైర్‌లెస్‌లో రెట్టింపు పెట్టినా చాలాసార్లు రాదు. పైగా బడ్స్ ఆయుష్షు బ్యాటరీ ఆయుష్షే. నా మూడో జత కొన్న రెండేళ్లకు ఎడమ బడ్ నలభై నిమిషాలకే ఆగిపోవడం మొదలైంది, కుడిది మాత్రం రెండు గంటలు నడిచేది. సర్వీసు కేంద్రానికి తీసుకెళ్తే, లోపల బ్యాటరీ మార్చడానికి వీలు లేదని, పాతవి ఇచ్చేస్తే కొత్త జత మీద కొంత తగ్గిస్తామని చెప్పారు. ధ్వనిలో ఏ లోపమూ లేని వస్తువును శనగగింజంత బ్యాటరీ కోసం పారేయవలసి వచ్చింది.

మెట్రో సంగతికి వస్తే, చప్పుడు తగ్గించే ఏర్పాటు, అంటే అందరూ ఏఎన్‌సీ అంటున్నది, లేకుండా ఎలా అని మీరు అనుకోవచ్చు. అది చేసే పని ఏమిటంటే, బయటి మోతను మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు తిరిగిన తరంగాన్ని చెవిలోకి వదిలి రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకునేలా చేయడం. ఏసీ హోరు, బస్సు ఇంజను, రైలు దడదడ లాంటి ఆగకుండా వచ్చే మంద్ర ధ్వనుల మీద అది బాగా పనిచేస్తుంది. పక్క సీటులో ఫోన్ మాట్లాడే గొంతు మీద, వంటింట్లో గిన్నె పడిన చప్పుడు మీద అంతగా పనిచేయదు. చెవిరంధ్రాన్ని బిగుతుగా మూసే మంచి రబ్బరు టిప్పు ఏ బ్యాటరీ లేకుండానే గొంతుల్నీ చప్పుళ్లనూ చాలావరకు ఆపుతుంది. రోజూ గంటల తరబడి బస్సుల్లో తిరిగేవారికి ఏఎన్‌సీ అవసరమే. మీ ప్రయాణం అరగంట లోపే కనుక దానికోసం సగం డబ్బు ధారపోయనక్కరలేదు. ఒక్క జాగ్రత్త: చెవులు పూర్తిగా మూసుకుని రోడ్డు దాటకండి.

మీటింగుల విషయంలో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. మామూలు బ్లూటూత్‌లో పాట వింటున్నంతసేపూ ఒక పద్ధతి, మైకు తెరవగానే ఇంకో పద్ధతి నడుస్తుంది. ఆ రెండో దానిలో ధ్వని టెలిఫోను మాటలా సన్నగా, రెండు చెవుల్లోనూ ఒకేలా అయిపోతుంది. నేను మొదటిసారి అది విన్నప్పుడు బడ్స్ పాడయ్యాయని కంగారుపడ్డాను. వైరుకు ఈ బాధ లేదు. అయితే కొనేముందు పిన్ను చూడండి: దాని మీద మూడు నల్ల గీతలుంటే మైకు ఉన్నట్టు, రెండే ఉంటే లేనట్టు. మీ ఫోన్‌కు గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి, అందులో డీఏసీ, అంటే డిజిటల్ సంకేతాన్ని ధ్వని సంకేతంగా మార్చే చిప్పు, ఉన్నదే తీసుకోండి. అది లేని చవక కన్వర్టర్లు కొన్ని ఫోన్లలో అసలు పలకవు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, దుకాణాల్లో ఎవరూ చెప్పనిది, చెవికి కుదరడం. నా ఎడమ చెవికి మధ్య సైజు సరిపోతే కుడి చెవికి పెద్దది కావాలని నాలుగో జత దాకా నాకు తెలియదు. పెట్టెలో మూడు సైజుల టిప్పులు ఇచ్చేది అందుకే, కానీ ముందుగా తగిలించి ఉన్నవే అలాగే పెట్టుకుని, బేస్ లేదని పారేసేవారు ఎందరో. పరీక్ష చాలా తేలిక. ఏదైనా కచేరీలో తంబుర శ్రుతి సాగుతున్న చోట ఆపకుండా వింటూ, వేలితో బడ్‌ను చెవిలోకి కొద్దిగా నొక్కండి. నొక్కగానే శ్రుతి నిండుగా మారి, వేలు తీయగానే పలచబడితే గాలి సందు ఉన్నట్టే, సైజు మార్చండి. నొక్కినా నొక్కకపోయినా ఒకేలా వినిపించినప్పుడు ఆ టిప్పు మీది. రబ్బరు ఏదీ నిలవని చెవులకు స్పాంజి టిప్పులు విడిగా దొరుకుతాయి. వాటిని వేళ్ల మధ్య నలిపి సన్నం చేసి పెట్టుకుంటే లోపల ఉబ్బి కుదురుకుంటాయి.

తలకు పెట్టుకునే హెడ్‌ఫోన్లలో కూడా ఇదే సూత్రం. కళ్లజోడు పెట్టుకునేవారికి దాని కాడ మెత్తకూ చర్మానికీ మధ్య సందు చేస్తుంది, పైగా అరగంటకు కణత దగ్గర నొప్పి మొదలవుతుంది. కాబట్టి కళ్లజోడుతోనే పెట్టుకుని చూడండి, కనీసం ఇరవై నిమిషాలు. దుకాణంలో రెండు నిమిషాలు మెత్తగా అనిపించినది ఇంట్లో గంటకు పట్టకారులా బిగిస్తుంది. మాది విజయవాడ. ఇక్కడి మే నెల ఉక్కకు కృత్రిమ తోలు మెత్తలు చెమటకు నాని, ఏడాదిన్నరలో పొట్టు రాలి, చెవుల మీద నల్లటి రవ్వలుగా అంటుకున్నాయి. మెత్తలు విడిగా కొని మార్చుకునే వీలున్నవే తీసుకోండి. గుడ్డ మెత్తలైతే మన ఎండలకు ఇంకా మేలు.

పెట్టె మీది అంకెల గురించి ఎక్కువ చెప్పను. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ అన్నది మనిషి చెవి హద్దు. రెండు వందల రూపాయల దాని మీదా అదే రాస్తారు. డ్రైవరు, అంటే లోపల ధ్వని పుట్టించే భాగం, పెద్దదైనంత మాత్రాన ధ్వని మెరుగైనట్టు కాదు. చూడవలసినది ఓమ్‌లు, అంటే విద్యుత్తుకు అవి ఇచ్చే నిరోధం: 16 నుంచి 50 లోపు ఉన్నవి ఫోన్‌తో సాధారణంగా ఇబ్బంది లేకుండా పలుకుతాయి, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల వాటికి విడిగా యాంప్లిఫయర్ ఉంటేనే మంచిది. వైర్‌లెస్సే కావాలని మీరు పట్టుబడితే, ఎల్‌డాక్ లాంటి మేలైన బ్లూటూత్ ధ్వని పద్ధతుల పేర్లకు డబ్బు పెట్టేముందు మీ ఫోన్‌లో అది ఉందో లేదో చూసుకోండి, ఐఫోన్‌లో లేదు. చెమటకు ఐపీఎక్స్4, అంటే నీటి తుంపర్లను తట్టుకునే స్థాయి, చాలు.

వినడానికి దుకాణానికి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు పెట్టే పాట వినకండి, అది డమడమలతో నిండినదే అయి ఉంటుంది. మీకు కంఠతా వచ్చిన కచేరీ ఒకటి ఫోన్‌లో దింపుకుని వెళ్లండి. మృదంగం కుడిపక్క గణగణ, రవ్వ ముద్ద అద్దిన ఎడమపక్క గుంకారం రెండూ విడివిడిగా తెలియాలి. వయొలిన్ పైస్థాయికి వెళ్లినప్పుడు చెవిలో గుచ్చుకోకూడదు. గాయకుడు ఊపిరి తీసుకోవడం వినిపించాలి. ఎక్స్‌ట్రా బేస్ అని రాసి ఉన్న నా రెండో జతలో మృదంగం ఎడమపక్క మోతకు గొంతు వెనక్కి వెళ్లిపోయి, గాయకుడు పక్కగదిలో పాడుతున్నట్టుండేది. ఇంటర్వ్యూలు వింటే ‘ప’కూ ‘బ’కూ తేడా తెలిసేది కాదు, అదే నా పొట్టకొట్టింది.

హైదరాబాద్‌లో ఉన్నారు కనుక అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనో చేతిలోకి తీసుకుని చూడవచ్చు. పేరున్న కంపెనీ వస్తువు మూడో వంతు ధరకు ఇస్తామంటే మాత్రం వెనక్కి రండి. ఆన్‌లైన్‌లో అయితే విప్పిన ఇన్‌ఇయర్‌ను వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చదువుకోండి. శుభ్రత పేరు చెప్పి చాలామంది తీసుకోరు.

శబ్దం ఎంత పెంచవచ్చన్నది మీరు అడగలేదు, అయినా మెట్రో అన్నారు కనుక చెబుతున్నాను. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, స్థాయి పెరిగేకొద్దీ ఆ గంటలు త్వరత్వరగా తరిగిపోతాయి. టిప్పు సరిగ్గా కుదరని వారే బయటి రొదను మించాలని శబ్దం పెంచుతారు.

మీ నాన్నగారికి మాత్రం చెవిలోకి దూర్చేవి వద్దు. మా నాన్నగారు ఒక్కరోజు ప్రయత్నించి, చెవిలో చింతగింజ పెట్టుకున్నట్టుందని తీసేశారు. రెండో జతగా కొనే తేలికైన హెడ్‌ఫోన్లు ఆయనకు సరిపోతాయి. ఘంటసాల నాటి పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవే, కానీ తర్వాత వాటికి స్టీరియో హంగు చేర్చి వదిలిన కొన్ని ప్రతుల్లో గొంతు ఒక పక్కకు, వాద్యాలు ఒక పక్కకు జరిగి ఉంటాయి. ఒక చెవి కాస్త మందంగా ఉన్న పెద్దవారికి అలాంటి ప్రతిలో పాట సగమే వినిపిస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్న చోట మోనో ఆడియో అనే మీట ఉంటుంది. అది నొక్కితే రెండు చెవుల్లోనూ పాట మొత్తం వినిపిస్తుంది. మా ఇంట్లో అది తెలియక ఆరు నెలలు హెడ్‌ఫోన్లనే తిట్టుకున్నాం.