పిండి లేకుండా అరటికాయ కట్లెట్లు విడిపోకుండా ఉండాలంటే

పేలియో (ధాన్యాలు, పప్పులు మానేసే ఆహార పద్ధతి) కోసం శనగపిండి మానేశాక, చెన్నైలో మీరు చేస్తున్న అరటికాయ కట్లెట్లు పెనం మీద విడిపోతున్నాయని అడిగారు. అవి విడిపోతున్నది శనగపిండి మానేసినందుకు కాదు, కాయలో చేరిన నీటివల్ల. చెక్కు తీసి ముక్కలు కోసి ఉడకబెట్టానన్నారు కదా, ఆ ముక్కలు నీళ్లు పీల్చుకుంటాయి.

1. కాయను తొక్కతోనే రెండుగా కోసి ఆవిరి మీద ఉడికించండి. తొక్క నల్లబడి, కత్తి మొన సులువుగా దిగితే చాలు.

2. చాలామంది వదిలేసేది ఇదే: పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మెదిపితే బంకలా సాగి పెనానికి అంటుకుంటుంది. చల్లారితే కాయ గట్టిపడుతుంది. అప్పుడు తొక్క తీసి, మెదపకుండా కొబ్బరికోరులా తురమండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అరచేతికి తడి తగలకూడదు. చెన్నై ఉక్కపోతలో గట్టు మీద పెడితే సరిగా చల్లారదు. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

3. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, మిరియాల పొడి కలపండి. ఉల్లిపాయ వేస్తే ముందే వేయించండి. ఉప్పు మాత్రం కట్లెట్లు వత్తబోయేటప్పుడే వేయండి, ముందుగా వేస్తే మళ్లీ నీరూరుతుంది.

4. కొబ్బరినూనె, ఇనుప పెనం, మధ్యస్థమైన మంట. అంచులు ఎర్రబడేదాకా అట్లకాడ పెట్టవద్దు.

కాయ విషయానికొస్తే, చెన్నైలో దొరికే మొంతన్ రకం బాగుంటుంది, అది మన బొంత అరటే. నేంద్రం అయితే ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నదే తీసుకోండి. పసుపు తిరిగితే తీపి వచ్చేస్తుంది.

ఇంగువ వేసేటట్లయితే డబ్బా వెనక చదవండి. మామూలు పొడి ఇంగువలో గోధుమపిండో బియ్యప్పిండో కలిపి ఉంటుంది. పేలియో అని ఇంత జాగ్రత్తపడి అక్కడ దొరికిపోతారు.