హెలోవీన్ ఆల్బమ్‌లకి ర్యాంకులు వేస్తానంటున్న మేనకోడలికి

బరంపురం

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్లో అందరి కబుర్లూ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "అన్నయ్యా, ఇది పరీక్షలు ముందర పెట్టుకుని ఆ గుమ్మడికాయ బ్యాండుకి ర్యాంకులు వేస్తాదట. కాలేజీ పత్రికలో రాస్తాదట. నువ్వైనా చెప్పు" అంది. చెప్తానన్నాను. చెప్పడానికే కూర్చున్నాను. కాకపోతే మీ అమ్మ చెప్పమన్నది ఇది కాదు, ఈ ఉత్తరం ఆవిడకి చూపించకు.

ముందు సంతోషం సంగతి. బళ్ళో ఒడియా మీడియం చదివి, తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర పలక మీద నేర్చుకున్న పిల్లవి. విశాఖపట్నం వెళ్ళి తెలుగులో హెలోవీన్ గురించి, ఆ జర్మన్ బ్యాండు వాయించే పవర్ మెటల్ అనే వేగమైన రాక్ గురించి రాస్తానంటున్నావు. ఈ ఊళ్ళో మేం నలుగురం క్యాసెట్లు మార్చుకుంటూ తిరిగిన రోజుల్లో, ఆ పాటల గురించి తెలుగులో ఎవరైనా రాస్తారని అంటే నవ్వుకునేవాళ్ళం. అమ్మమ్మకి చెప్పాను. "ఎవరి పాటలో ఏటో గానీ, గుణింతాలు తప్పుల్లేకుండా రాయమను" అంది.

ఇక పని. స్టూడియో ఆల్బమ్‌లే తీసుకో, లైవ్‌లు వద్దు. 1999లో వచ్చిన మెటల్ జూక్‌బాక్స్ మొత్తం వేరేవాళ్ళ పాటలు. అన్‌ఆర్మ్‌డ్‌లో వాళ్ళ పాత పాటలనే వేరే రకంగా వాయించారు. ఆ రెండూ పక్కన పెట్టు. 1985 నాటి వాల్స్ ఆఫ్ జెరికో నుంచి 2025 జయంట్స్ అండ్ మాన్‌స్టర్స్ దాకా 17 మిగుల్తాయి. వచ్చిన వరసలోనే విను. షఫుల్ ఆపెయ్. తర్వాతెప్పుడో కలిపిన బోనస్ పాటలకి మార్కులు వెయ్యకు. హెడ్‌ఫోన్ సౌండు సగం దాటనివ్వకు. నా ఎడమ చెవిలో రాత్రిపూట ఈల మోగుతుంది. డాక్టరు రైలింజన్ల వల్ల అన్నాడు, మీ అత్త హెలోవీన్ వల్ల అంటుంది.

కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్ రెండు భాగాలూ వినకుండానే మొదటి రెండు స్థానాల్లో పెట్టేస్తావేమోనని నా అనుమానం. అందరూ అదే చేస్తారు. 1987లో ఒకటి, 1988లో ఒకటి. నిజానికి బ్యాండు వాళ్ళు డబుల్ ఆల్బమ్‌గా వెయ్యాలనుకున్నారు, కంపెనీ ఒప్పుకోలేదు. కానీ రెండూ ఒకటి కావు. మొదటి భాగంలో ఎక్కువ పాటలు గిటారిస్టు కై హాన్సెన్‌వి. మొదటా చివరా ఉన్న చిన్న ముక్కలు తీసేసి, పదమూడు నిమిషాల హాలోవీన్ పాట పక్కన పెడితే చేతికి ఎన్ని పాటలొస్తాయో నువ్వే లెక్కపెట్టు. రెండో భాగంలో ఇంకో గిటారిస్టు వైకాత్ చెయ్యి పెద్దది. నేనైతే రెండో భాగాన్నే పైన పెడతాను, మొదటిదాన్ని మూడుకి దింపుతాను. మధ్యలో జెరికో. అందులో హాన్సెన్ గిటారు వాయిస్తూ తనే పాడాడు, గొంతు కీచుమంటుంది, అయినా ఆ ఆల్బమ్‌కి ఉన్న ఆకలి తర్వాత దేనికీ లేదు. గాయకుడుగా మైఖేల్ కిస్కే వచ్చేసరికి వాడికి 18 ఏళ్ళు. నీకంటే చిన్నవాడు. ఆ గొంతు విన్నాక హాన్సెన్ పాట వదిలిపెట్టి గిటారు పట్టుకున్నాడంటే అది ఓటమి అనుకోకు, వాడికి చెవులున్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1993 నాటి కమీలియన్‌ని చివర పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆవిడకి ఆ పేరు కూడా పలకడం రాలేదు, "ఊసరవెల్లి రికార్డు" అంది. నాకు భయం వేసింది అక్కడే.

ఈ పొరపాటు మన ఇంట్లో ఒకసారి జరిగిపోయింది. చేసింది మీ నాన్న. అప్పటికి ఆయన నాకు బావ కాడు, క్లాసుమేటు. కలకత్తాలో చదువుకుంటున్న స్నేహితుడొకడు కమీలియన్ సీడీ దొరికితే అక్కడే ఒక షాపులో క్యాసెట్‌లోకి ఎక్కించి, ఊరొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపాడు. అరవై నిమిషాల క్యాసెట్. ఆల్బమ్ డెబ్బై దాటుతుంది. పట్టదు కదా, ఆ షాపువాడు తనకి తోచిన రెండు పాటలు వదిలేసి, మిగిలిన పదింటి పేర్లు కార్డు మీద నీట్‌గా రాసిచ్చాడు. మాకెవరికీ తెలీదు. పది పాటల ఆల్బమ్ అనుకున్నాం.

1995 వేసవిలో మీ నాన్న గదిలో చార్టు కాయితం ఒకటి గోడకెక్కింది. అప్పటికి వచ్చిన ఆరు ఆల్బమ్‌లు, ఒక్కోదానికి నూటికి ఇన్ని మార్కులని. అక్షరాలు మీ నాన్నవి కాబట్టి ముత్యాల్లా ఉండేవి. అట్టడుగున కమీలియన్, మార్కులు సున్నా. పక్కనే ఎర్ర స్కెచ్ పెన్నుతో "డ్రమ్మరుని ఎవరైనా లేపండి" అని. గదికొచ్చిన ప్రతివాడూ ఆ మాట చదివి పడీ పడీ నవ్వేవాడు.

మరుసటేడు ది టైమ్ ఆఫ్ ది ఓత్ వచ్చింది. దాన్ని ఇంగో ష్విక్టెన్‌బర్గ్ జ్ఞాపకానికి అంకితమిచ్చారు. ఇంగో అంటే మేం లేపమన్న డ్రమ్మరే. చార్టు గోడకెక్కే నాటికే, ఆ మార్చిలోనే పోయాడు. 29 ఏళ్ళు. స్కిజోఫ్రీనియా. దాని మీద తాగుడు, మత్తుమందులు. 1993లో బ్యాండులోంచి పంపేశారు. ఎలా పోయాడో ఈ ఉత్తరంలో రాయను. నేను రైల్వేలో పనిచేస్తున్నాను, ఆ మాట రాయడానికి నా చెయ్యి రాదు. నువ్వూ పత్రికలో రాయకు, దానికీ ర్యాంకుకీ సంబంధం లేదు.

మీ నాన్న ఆ ఎర్ర మాట మీద కాయితం ముక్క అంటించాడు. సున్నా మాత్రం తియ్యలేదు. "మనిషి పోయినంతలో ఆల్బమ్ బాగుపడదురా" అన్నాడు. నేను కోప్పడ్డాను, కొన్నాళ్ళు మాట్లాడలేదు కూడా. ఇప్పుడు చూస్తే ఆ ఒక్క మాటలో ఆయనదే రైటు. జాలిపడి మార్కులు వేస్తే చదివేవాడికి అబద్ధం చెప్పినట్టే.

కానీ ఆయన తప్పు అక్కడ లేదు. అది చాలా ఏళ్ళకి, నువ్వు పుట్టాక బయటపడింది. కమీలియన్ మొత్తం కంప్యూటర్లో దొరికితే ఇద్దరం కూర్చుని విన్నాం. పదో పాట దగ్గర మీ నాన్న నా వైపు చూశాడు. అది మేమెప్పుడూ వినలేదు. స్టెప్ అవుట్ ఆఫ్ హెల్. గిటారిస్టు రోలాండ్ గ్రాపో రాశాడు, ఇంగో పడుతున్న బాధ చూసి, ఇంగో బ్యాండులో ఉండగానే. ఆ షాపువాడు కోసేసిన రెండింట్లో అదొకటి. ఆ పాటకి డ్రమ్ములు వాయించిందీ ఇంగోనే. మీ నాన్న పాట ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. అయ్యాక, "చివర కాదు, చివర్నించి రెండోది" అన్నాడు. అంతే. అంతకంటే ఒక్క మెట్టు ఎక్కించలేదు, మొండిమనిషి. నువ్వు ఎవరి పోలికో ఇప్పుడు తెలిసిందా?

అందుకని, పూర్తిగా వినకుండా దేన్నీ అట్టడుగుకి తొయ్యకు. మీకు క్యాసెట్ల బాధ లేదు, నిజమే. కానీ నువ్వు ముప్ఫై సెకన్లు విని తర్వాతి పాటకి దూకుతావు, పోయిన సెలవల్లో పక్కన కూర్చుని చూశాను. ఆ షాపువాడికీ నీకూ పెద్ద తేడా లేదు.

కమీలియన్ ఎందుకు చెడిందో రాస్తే అది రాత. "ఇది మెటల్ కాదు" అని రాస్తే ఎవరైనా రాస్తారు. పాటల కింద పేర్లు చూడు. 12 పాటలు. కిస్కేవి నాలుగు, వైకాత్‌వి నాలుగు, గ్రాపోవి నాలుగు. ఇద్దరు కలిసి కూర్చుని రాసింది ఒక్కటీ లేదు. మూడిళ్ళ వంటలు ఒకే ఆకులో వడ్డించినట్టుంటుంది, ఏదీ చెడ్డది కాదు, కలిపితే భోజనం కాదు. అంతకుముందు కంపెనీ మారి కోర్టు గొడవల్లో పడ్డారు, 1991 నాటి పింక్ బబుల్స్ గో ఏప్ ఆ నీరసంలోనే వచ్చింది. హాన్సెన్ అప్పటికే వెళ్ళిపోయి గామా రే అని వేరే బ్యాండు పెట్టుకున్నాడు. ఇవన్నీ తెలుసుకుని, అప్పుడు చివర పెడతావో పదిహేనులో పెడతావో నీ ఇష్టం. నేనడిగేది కారణం.

ఇంగో గురించి రాస్తే పోయిన సంగతొక్కటే రాసి వదిలెయ్యకు. వాడు వాయించింది రాయి. ఒకసారి ఇక్కడి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో మా వీధి అరుగు మీద టేప్‌రికార్డర్ పెట్టి ఈగిల్ ఫ్లై ఫ్రీ వేశాం. యాత్రకి డప్పు కొట్టే ముసలాయన ఒకడు బీడీ ముట్టించుకుందామని ఆగాడు. పాటంతా విని, "ఎంతమందిరా బాబూ వాయిస్తున్నది?" అన్నాడు. ఒక్కడే అంటే నమ్మలేదు. రెండు కాళ్ళకీ రెండు పెద్ద డ్రమ్ములని మీ నాన్న చూపిస్తే, ఆయన అరుగు మీద కూర్చుని మళ్ళీ వెయ్యమన్నాడు. బీడీ ఆరిపోయింది.

ఇంకోటి, ర్యాంకులతో సంబంధం లేనిది. హాస్టల్లో రాత్రి రెండింటికి నీ మెసేజ్‌లు వస్తున్నాయి. పాట బాగుంటే మెలకువగా ఉన్నావనుకుంటాను. నిద్ర పట్టకే మెలకువగా ఉంటే మాత్రం ఆ సంగతి చెప్పాలి. ఇంగో చుట్టూ ఉన్నవాళ్ళంతా వాడి స్నేహితులే, వాళ్ళు చూశారు, పాట కూడా రాశారు, అయినా సరిపోలేదు. ఇంట్లో నీ గురించి పాట రాసేవాళ్ళు ఎవరూ లేరు. తిట్టేవాళ్ళం ఉన్నాం. నేను బండి మీద ఉంటే ఫోను తియ్యను, దిగగానే చేస్తాను. ఈలోగా మీ అత్త తీస్తుంది, ఎన్ని గంటలైనా. భయపడి రాస్తున్నానని నవ్వుకుంటావేమో, నవ్వుకో.

మిగతావి నాకు అంత పంతం లేదు. ది డార్క్ రైడ్ మీద జనం కొట్టుకుంటారు. శబ్దం నలుపెక్కింది, మరుసటేడే గ్రాపో, డ్రమ్మరు ఉలి కుష్ ఇద్దరూ బయటికెళ్ళారు. నాకు ఇష్టమే. రాబిట్ డోంట్ కమ్ ఈజీలో కొత్త డ్రమ్మరు జబ్బుపడితే చాలా పాటలకి మోటర్‌హెడ్ బ్యాండు డ్రమ్మరు మిక్కీ డీ వచ్చి వాయించాడు, ఆ ఊపు తప్ప అందులో గుర్తుండేది తక్కువ. 2005లో మళ్ళీ కీపర్ పేరు పెట్టి డబుల్ ఆల్బమ్ వేశారు, పేరు చూసి మార్కులు వెయ్యకు. గాంబ్లింగ్ విత్ ది డెవిల్‌ని ఎవరూ పట్టించుకోరు, నువ్వైనా పట్టించుకో. నా లెక్కలో అట్టడుగు 2015 నాటి మై గాడ్-గివెన్ రైట్. పాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతాయి, ఏది ఎప్పుడు అయిందో తెలీదు.

2021 ఆల్బమ్ దగ్గర మాత్రం జాగ్రత్త. కిస్కే, హాన్సెన్ తిరిగొచ్చారు, 1994 నుంచి పాడుతున్న డెరిస్ ఎక్కడికీ పోలేదు, ముగ్గురూ పాడారు. ఇంగో పాత డ్రమ్ముల సెట్టు తీసి దాని మీద ఇప్పటి డ్రమ్మరు డానీ లోబ్లె వాయించాడు. ఇది తెలిశాక నీకు గొంతు పట్టేస్తుంది, నాకూ పట్టింది. అలాంటప్పుడు మార్కులు వెయ్యకు. పది రోజులు ఆగి, మామూలు మూడ్‌లో విని అప్పుడు వెయ్యి. మీ నాన్న దానికి ఆరో స్థానం ఇచ్చాడు, నేను నాలుగు అంటున్నాను, ఇంకా తేలలేదు.

పరీక్షలయ్యాకే రాయి. మీ అమ్మకి మాటిచ్చాను కాబట్టి ఈ ఒక్కటీ విను. రాసింది అచ్చుకిచ్చే ముందు నాకు పంపు, మీ నాన్నకి పంపకు, ఆయన ఎర్ర పెన్ను తీస్తాడు. ఒక సంగతి ముందే చెప్తున్నాను: 1994లో కొత్త గాయకుడు, కొత్త డ్రమ్మరుతో మునిగిపోయిన బ్యాండుని పైకి లాగిన మాస్టర్ ఆఫ్ ది రింగ్స్‌ని మొదటి అయిదింట్లో పెట్టకపోతే, దసరాకి స్టేషనుకి నేను రాను. ఆటో ఎక్కి వచ్చెయ్.

నీ పెద్దమావయ్య