బెలుం గుహలో చల్లగా ఉండదు

పల్లావరం, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,
బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘మన దేశంలో వింత ప్రదేశాలు’ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, చదివించే గుణం ఉంది. కానీ ఇరవై రెండు చోట్లు ఒకే వ్యాసంలో కుక్కేశావు. ఒక్కో చోటుకి నాలుగు వాక్యాలు, అందులో ఒకటి ‘చూసి తీరాల్సిందే’. నాలుగు చోట్లు ఉంచుకుని మిగతావి పక్కన పెట్టు. తర్వాత రాయొచ్చు.

బెలుం గుహల దగ్గర ‘అడుగు పెట్టగానే చల్లటి గాలి పలకరిస్తుంది’ అని రాశావు. నువ్వు ఇంకా అక్కడికి వెళ్ళలేదని ఆ వాక్యం దగ్గరే నాకు తెలిసిపోయింది. బెలుంలో చల్లగా ఉండదమ్మా. లోపలికి వెళ్ళేకొద్దీ ఉక్కపోతతో చొక్కా తడిసిపోతుంది, బయటి నుంచి గాలి పంపాల్సి వస్తుంది. ఈ తప్పు నేనూ చేశాను. 2002లో ఆ గుహలు సందర్శకులకు తెరిచిన కొత్తలో, ఒక కరపత్రం ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చుని వ్యాసం రాసేశాను. కొలిమిగుండ్ల వైపు నుంచి ఒకాయన కార్డు రాశాడు: ‘అయ్యా, తమరు మా ఊరికి ఎప్పుడొచ్చారు?’ అంతే, ఇంకో మాట లేదు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ నెలలోనే బయల్దేరి వెళ్ళాను. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అక్కడ చుట్టూ చదునైన నేల. బావిలాంటి గుంటలోంచి కిందికి దిగాలి. గుహ పొడవు 3,229 మీటర్లని రాశావు, సరే. ఆ దారులన్నీ ఎవరు తొలిచారో మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు అసలు వింత అదే. మీ అమ్మని అడుగు, వంటింటి గట్టు మీది కడప బండపై నిమ్మరసం పడితే తుడవకుండా వదిలేస్తుందేమో. వదలదు. మచ్చ పడిపోతుందని ఆమెకి తెలుసు. ఆ బండ సున్నపురాయి, పులుపు దాన్ని తినేస్తుంది. బెలుం కూడా సున్నపురాయే. వాననీరు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువుని కలుపుకుంటుంది, కాస్త పులుపెక్కుతుంది. ఆ నీళ్ళు రాతి పగుళ్ళలో పడి లక్షల ఏళ్ళు తింటూ పోయాయి. చివరికి మనిషి నిలబడి నడిచేంత దారులయ్యాయి. ఇది రాస్తే చదివినవాళ్ళు వెళ్ళి తమ వంటింటి గట్టుని తడిమి చూస్తారు. ‘అద్భుతం’ అన్న మాట అక్కర్లేదు.

ఇంకోటి. ఆ గుహల్ని 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ‘కనిపెట్టాడు’ అన్నావు. ఆ మాట కొట్టేయ్. ఊరివాళ్ళకి అంతకుముందే తెలుసు, బౌద్ధులు, జైనులు ఉన్న ఆనవాళ్ళు కూడా దొరికాయి. ‘నమోదు చేశాడు’ అని రాయి. ఆ ఫుట్టే 1863లో మా పల్లావరంలో ఆదిమానవుల రాతి గొడ్డలిని గుర్తించాడు. నేను కూరగాయలకి వెళ్ళే ఊళ్ళోనే! అది చదివిన రోజు నాకు బెలుం చాలా దగ్గరైపోయినట్టనిపించింది.

మేఘాలయ వేళ్ళ వంతెనల్ని ‘ప్రకృతి ప్రసాదం’ అన్నావు. ఇది నాకు బాధ కలిగించింది. ఖాసీ జనం వాగు ఒడ్డున రబ్బరు మర్రి నాటి, తొలిచిన పోకచెట్టు మానుల్లోంచి వేళ్ళని అవతలి ఒడ్డుకి పాకిస్తారు. వంతెన బరువు మోయడానికి పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నేళ్ళు ఏ వేరుని ఎటు తిప్పాలో చూసుకుంటూ ఉన్న చేతులున్నాయి కదా. వాళ్ళ కష్టాన్ని ప్రకృతి ఖాతాలో రాసేయడం అన్యాయం.

లోణార్ సరస్సు 2020లో గులాబీ రంగుకి మారడం గురించి బాగా రాశావు. నీళ్ళు తగ్గి, ఉప్పదనం పెరిగి, ఉప్పులో బతికే సూక్ష్మజీవులు ఎక్కువయ్యాయని ఒక వాక్యం కలుపు చాలు. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడం అందరూ చేసేదే. తెల్లదొర దాన్ని కదిలించబోయాడన్న కథకి ముందు ‘అని చెప్పుకుంటారు’ అని చేర్చు. తర్వాత తలెత్తి పైకప్పు బొమ్మల గురించి రాయి. ఆ విజయనగర కాలపు రంగుల దగ్గర ఆగేవాళ్ళు తక్కువ.

దూరాలు వెళ్ళడానికి సెలవు దొరకట్లేదని టెన్షన్ పడుతున్నావుట, మీ నాన్న చెప్పాడు. రోజూ మెట్రోలో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దిగుతావు కదా, ఆ కొండ రాయి ఏమిటో ఎప్పుడైనా అడిగావా? కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధికి పెట్టిన రాయి ఈ చుట్టుపక్కలదే. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ సమాధి రాయిని పరిశీలించి, ఈ జాతి రాయికి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. ఇప్పుడా కొండ జాతీయ భూగర్భ స్మారకం కూడా. సమాధి మీది పేరు కొండకి అంటుకోవడం నీ ఇరవై రెండిట్లో ఎక్కడుంది చెప్పు?

ఈ ఆదివారం ఆరింటికల్లా స్టేషన్ బయట ఉండు, ఎండెక్కకముందే కొండెక్కుదాం. నోట్‌బుక్ తెచ్చుకో. ఆ రాయిని చేత్తో తాకి, అది ఎలా ఉందో నీ మాటల్లో పది వాక్యాలు అక్కడే కూర్చుని రాయాలి. తిరిగొచ్చాక మీ పిన్ని చేతి పెసరట్టు తిని వెళుదువుగాని.

నీ బాబాయి